చక్రముల అమరిక – రథము నుండి కారు దాక

రథసప్తమినాడు కడప పట్టణమును ఆనుకొనియున్న దేవుని కడపలో శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి రథోత్సవము జరుగును. మోకులు పట్టి లాగు జనమును, పైన ఊగెడి కలశమును అందరును చూతురు. ఇట్టి పెద్ద తేరులను లాగునపుడు చక్రముల ప్రక్కనే నడుము వంచి నడచువారు కొందరుందురు. వారి చేతులలో బరువైన చెక్క దిమ్మెలుండును. తేరు ఎడమకు ఒరసి పోవుచున్నచో ఒక చక్రము క్రింద దిమ్మె పెట్టుదురు; కుడికి తిరుగవలసివచ్చినచో మరియొక చక్రమునకు అడ్డము వేయుదురు. ప్రాణములకు తెగించి చేయవలసిన పని అది. మోకు లాగువారు తేరును కదలింతురే కాని, దానిని దారిలో నడిపించువారు ఈ దిమ్మెలవారే.

ఇంత శ్రమ ఎందుకు కలుగుచున్నది? తేరు బరువు మాత్రమే కారణము కాదు. దాని ఇరుసులు క్రింది దూలములకు కదలకుండ బిగింపబడియుండును. అందుచే చక్రములన్నియు ఎల్లప్పుడు ఒకే వైపు చూచుచుండును. తిన్నని వీధిలో ఇది మేలే. వీధి మలుపులో మాత్రము ప్రతి చక్రమునకు ఒక్కొక్క వృత్తముపై నడువవలసిన అవసరము కలుగును. లోపలి చక్రమునకు చిన్న వృత్తము, వెలుపలి చక్రమునకు పెద్ద వృత్తము కావలెను. అవి చూచుచున్న దిక్కు ఒకటి, పోవలసిన దిక్కు మరియొకటి. చక్రము దొర్లుటకు మారుగా నేలపై అడ్డముగా ఈడ్వబడును. ఆ ఈడ్పునకు కావలసిన శక్తిని మోకు లాగువారు ఇయ్యవలెను, దిమ్మెలవారు కాచుకొనవలెను.

చక్రము చూచెడి దిక్కునకు, అది పోవలసిన దిక్కునకు నడుమ ఏ కొంచెము తేడా ఉన్నను ఆ నష్టమును ఎవరో ఒకరు భరింపక తప్పదు. తేరున అది మనుష్యుల భుజములపై పడినది. ఎద్దుబండిలో ఎడ్లపైనను, బాటపైనను పడినది. మోటారు కారులో టైరుపై పడుచున్నది. కారు చక్రములను అప్పుడప్పుడు పరీక్షించి సరిచేయించు పని, అనగా నేడు ఊరూర బోర్డులపై కనిపించు ‘వీల్ అలైన్‌మెంటు’, ఈ పాత లెక్కకు క్రొత్త పేరు.

రాయలసీమలో చక్రముకంటె ముందు బాటను గూర్చి చెప్పవలసియున్నది. కుందూ లోయలో నంద్యాల, కోవెలకుంట్ల మొదలు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాక పరచుకొన్న నల్లరేగడి వానకు ఉబ్బి జిగురగును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. వానకాలమున బండి చక్రము అందులో దిగినచో ఎడ్ల వల్ల కాదు. అందుచేతనే ఒకప్పుడు నల్లమల కనుమల మీదుగా ఉప్పు, ధాన్యము, ప్రత్తి ముఖ్యముగా లంబాడీల ఎడ్లమందల వీపులపైననే నడచినవి. 1860ల దశాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల నుండి త్రవ్విన కర్నూలు–కడప కాలువ సాగునీటికి మాత్రమే ఉద్దేశింపబడినది కాదు. పడవలపై సరకు రవాణా జరుగవలెననియు దానిని త్రవ్వించినవారు తలచిరి. కంపెనీ నష్టములపాలై, 1882లో కాలువను ప్రభుత్వము కొన్నది. పడవల ఆశ అంతగా ఫలింపలేదు. బండి చక్రమే గతియైనది.

రెండు చక్రముల ఎద్దుబండికి తేరు కష్టము లేదు. దాని చక్రములు ఇరుసు కొనలపై దేనికది తిరుగును. బండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రము మెల్లగా కదలుచుండగా వెలుపలిది వేగముగా చుట్టివచ్చును. ఈ స్వేచ్ఛ వలన బండి తానున్నచోటనే తిరుగగలదు. వడ్రంగి ఆకులను నాభిలో దిగగొట్టి, పూఠీలను వాని చుట్టు కూర్చి, ఆపైన కమ్మరి చేత ఇనుప కట్టు వేయించును. కట్టు చుట్టుకొలతను కొయ్య చక్రముకంటె కావలెననియే తక్కువ చేయుదురు. చక్రము వ్యాసము 1.4 మీటర్లైనచో చుట్టుకొలత సుమారు 4.4 మీటర్లు. ఇనుమును 400 సెంటిగ్రేడు డిగ్రీల మేరకు వేడిచేసినచో అంతటి కట్టు దాదాపు 2 సెంటీమీటర్లు పెరుగును. ఎఱ్ఱగా కాలిన కట్టును తొడిగి నీరు పోయగనే అది ముడుచుకొని ఆకులను, పూఠీలను ఒక్కటిగా బిగించును. వ్యాకోచ సంకోచములను బోధించుటకు దీనికంటె మంచి ఉదాహరణము పాఠ్యపుస్తకములలో దొరకదు. ఎండకాలమున కొయ్య ఎండి కట్టు వదులైనపుడు రైతు చక్రమును నీట నాననిచ్చుటయు ఈ శాస్త్రములోనిదే.

వదులు అంతటితో పోదు. ఇరుసు రాపిడికి నాభిలోని రంధ్రము క్రమముగా పెద్దదగును. అప్పుడు చక్రము కుడి ఎడమలకు ఊగుచు పోవును. ఇనుప కట్టు అంచు బాటను కత్తివలె కోయును. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు చర్చలలో ఎద్దుబండ్ల ఇనుప కట్లు బాటలకు చేయు చెరుపు ఒక ముఖ్య విషయమైనది. బండివానికి దీని వలన చేతినుండి పోవు డబ్బు కనిపించదు. ఎడ్లు అలసినవనుకొనును, బాట గతుకులైనదనుకొనును.

నాలుగు చక్రముల గుఱ్ఱపుబండ్లు విరివిగా నడచిన ఐరోపాలో ఈ సమస్య మరియొక రూపమున వచ్చినది. అక్కడ ముందరి ఇరుసు మొత్తమును నడుమనున్న ఒకే మేకుపై తిప్పెడివారు. ఎక్కువగా తిప్పినచో ఇరుసు బండి క్రిందికి పోయి, బండి నిలకడ తప్పి ఒరగెడిది. ఇరుసును కదలింపక, దాని కొనలయందే చక్రములను విడివిడిగా తిప్పవచ్చునను ఊహ 18వ శతాబ్దిలోనే ఇంగ్లండున ఎరాస్మస్ డార్విన్ అను వైద్యునకు తోచినది. ఈయన పరిణామవాదియైన ఛార్లెస్ డార్వినునకు తాత. కాని ఆ ఊహను పనికి వచ్చునట్లు చేసినది మ్యూనిచ్ నగరమున బండ్లు చేయు గేఆర్గ్ లాంకెన్‌స్పెర్గర్. లండనులోని పుస్తక ప్రకాశకుడు రుడాల్ఫ్ అకర్‌మన్ 1818లో ఆయన పక్షమున పేటెంటు తీసికొనెను. కనిపెట్టినవాడు ఒకడు, పేరు మరియొకనిది. నేటికిని ఇంజనీర్లు దానిని ‘అకర్‌మన్ స్టీరింగు’ అనియే పిలుచుచున్నారు.

ఇందులోని కీలకమును లెక్కతో చూచుట మంచిది. ఒక కారున ఎడమ కుడి చక్రముల నడుమ 1.4 మీటర్లు, ముందు వెనుక ఇరుసుల నడుమ 2.5 మీటర్లు ఉన్నవనుకొందము. కారు వెనుక ఇరుసు మధ్యబిందువు 8 మీటర్ల వ్యాసార్ధముగల మలుపు తిరుగుచున్నది. అప్పుడు లోపలి చక్రము వైపు వ్యాసార్ధము 7.3 మీటర్లు, వెలుపలి వైపు 8.7 మీటర్లు. టాంజెంటు పట్టికను చూచినచో లోపలి ముందు చక్రము సుమారు 19 డిగ్రీలు, వెలుపలిది 16 డిగ్రీలు తిరుగవలెనని తేలును. రెండింటిని సమానముగా తిప్పినచో ఏదో ఒకటి తేరు చక్రమువలె ఈడ్వబడును. చక్రములను కలుపు కడ్డీల కోణములను తగినట్లు అమర్చినచో ఈ 3 డిగ్రీల తేడా తనంత తానే వచ్చును. 1878లో పారిస్ నగరమున ఛార్లెస్ జాంతో ఈ కడ్డీల జ్యామితిని మెరుగుపరచెను.

గుఱ్ఱపుబండ్లవారు ఈ క్రొత్త పద్ధతిని అంతగా లెక్కచేయలేదు. వారి బండ్లు నెమ్మదిగా పోయెడివి. గుఱ్ఱమే ఇరుసును త్రిప్పెడిది. ఇంజను వచ్చిన తరువాత దాని విలువ తెలిసినది. 1873లో ఫ్రాన్సులో అమెదే బొల్లే తన ఆవిరి బండికి ముందు చక్రములను విడివిడిగా తిరుగునట్లు చేసెను. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మోటారు బండికి మూడే చక్రములు. ముందు రెండు చక్రములు పెట్టినచో వానిని సరిగా త్రిప్పు విధానము ఆయనకు అప్పటికి తృప్తికరముగా తోచలేదు. 1893లో అట్టి స్టీరింగునకు పేటెంటు పొందిన తరువాతనే ఆయన నాలుగు చక్రములకు వచ్చెను.

ఇదే కాలమున చక్రము చుట్టు ఇనుమునకు మారుగా గాలి నింపిన రబ్బరు వచ్చినది. 1845లో రాబర్ట్ థాంసన్ పేటెంటు తీసికొన్నను అది మరుగునపడెను. 1888లో జాన్ డన్‌లప్ దానిని మరల కనిపెట్టి వాడుకలోనికి తెచ్చెను. ఇనుప కట్టు బాటను కోసినది. రబ్బరు టైరు బాటను కోయదు, తానే అరుగును. చక్రము వంకర వలని నష్టము ఆనాటి నుండి బాటను వదలి టైరు యజమాని సంచిలోనికి వచ్చినది.

మోటారు చక్రమున చూడవలసిన కోణములు ముఖ్యముగా మూడు. వానిలో తొలుత చెప్పదగినది ‘టో’. ఆంగ్లమున దీనికి కాలి బొటనవ్రేలని అర్థము. పావురము నడచునపుడు కాలివ్రేళ్ళు లోనికి తిరిగినట్లు ముందు చక్రముల ముందరి అంచులు కొంచెము దగ్గరగా ఉన్నచో ‘టో-ఇన్’; ఎడముగా ఉన్నచో ‘టో-అవుట్’. కారు కదలినపుడు బాట నిరోధము చక్రములను వెనుకకు నెట్టును. కడ్డీల కీళ్ళలోని కొద్దిపాటి వదులు వలన అవి వెలుపలికి విచ్చుకొనును. అందుచే వెనుక చక్రములు తోయు కార్లలో, నిలిచియున్నపుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు లోనికి ఉంచుదురు. నడచునపుడు అవి సమాంతరమగును. ముందు చక్రములే లాగు కార్లలో ఇంజను బలము వానిని లోపలికి తిప్ప జూచును గనుక వానికి ఉంచవలసిన కొలత దాదాపు సున్న, లేక కొంచెము వెలుపలికి. కారు చేసినవారు చెప్పిన కొలతయే ప్రమాణము.

ఆ కొలతలో 3 మిల్లీమీటర్లు తప్పినచో ఏమగును? చక్రపు రిమ్ము వ్యాసము 40 సెంటీమీటర్లనుకొనినచో 400 మిల్లీమీటర్లకు 3 మిల్లీమీటర్ల వంకర. మీటరుకు ఏడున్నర మిల్లీమీటర్లు. కిలోమీటరుకు ఏడున్నర మీటర్లు. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమఱ్ఱి, మైదుకూరు మీదుగా కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. ఆ దూరము పోవుసరికి ముందు టైర్లు రెండును కలిసి ఒకటిన్నర కిలోమీటరు అడ్డముగా ఈడ్వబడినట్లే లెక్క. టైరు సాగు గుణము గలది గనుక అది అంతయు నిక్కమైన జారుడు కాదు. కొంత రబ్బరు వంగి మరల నిలుచుకొనుటలో పోవును. అయినను ఒక రబ్బరు ముక్కను పట్టుకొని కంకర తేలిన బాటపై ఒకటిన్నర కిలోమీటరు గీచుకొనుచు పోవుటను ఊహించినచో మిగిలినది చెప్పనక్కరలేదు. డ్రైవరు మాత్రము కడప చేరి, కారు చక్కగా వచ్చినదనియే అనుకొనును.

రెండవ కోణము ‘కాంబరు’, అనగా చక్రము తల వెలుపలికో లోపలికో ఒరిగియుండుట. దీని పుట్టుక గుఱ్ఱపుబండ్లది. ఐరోపా వడ్రంగులు ఆకులను నిటారుగా కాక పళ్ళెమువలె వెలుపలికి విచ్చినట్లు అమర్చి, ఇరుసు కొనను కొంచెము క్రిందికి వంచెడివారు. అప్పుడు బరువు మోయు క్రింది ఆకు నిలువుగా నిలిచి, చక్రము ప్రక్క త్రోపులకు విరుగక నిలబడెడిది. తొలి మోటార్లు ఈ ఒరుగును వారసత్వముగా పుచ్చుకొన్నవి. ఒరిగిన చక్రము శంకువులో ఒక ముక్కవంటిది. మూతి వెడల్పుగానుండి అడుగు సన్నగానుండు గ్లాసును విద్యార్థులు నేలపై దొర్లించి చూడవచ్చును. అది తిన్నగా పోదు. సన్నని వైపునకు తిరిగి చుట్టును. కారు చక్రములును ఇట్లే చెరియొక ప్రక్కకు పోజూచును. ఒరుగు రెండు వైపులా సమానమైనచో ఒకదానినొకటి ఆపుకొనును. సమానము కానిచో కారు ఒక ప్రక్కకు లాగును.

మూడవది ‘కాస్టరు’. సైకిలు ముందు ఫోర్కు నేరుగా క్రిందికి దిగక వెనుకకు వాలియుండుట అందరికి తెలిసినదే. ఆ వాలు రేఖను నేల దాక పొడిగించినచో అది టైరు నేలను తాకు చోటుకంటె ముందు పడును. అందుచే చక్రము దారిలో వెనుకబడి లాగబడుచు తనంత తానే తిన్ననగును. నేర్పరియైనవాడు సైకిలును చేతులు వదలి నడుపగలుగుటకు ఇదియు ఒక కారణము. 1896లో ఫ్రాన్సు దేశీయుడు ఆర్థర్ క్రెబ్స్ ఈ సూత్రమును మోటారునకు వర్తింపజేసి పేటెంటు పొందెను. మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు చేతులలో తనకు తానై వెనుకకు వచ్చుట దీని వలననే.

1920ల దశాబ్దిలో తక్కువ గాలితో నడచు లావు టైర్లు, ముందు చక్రములకు బ్రేకులు వచ్చినవి. వానితోపాటు ఒక వింత జాడ్యము వచ్చినది. కొంత వేగము దాటగనే ముందు చక్రములు రెండును గడగడ వణకెడివి. కోణములను అంచనాపై వదలివేయుట ఇక సాగదని అప్పుడు తెలిసివచ్చినది. తరువాతి దశాబ్దిలో ముందు చక్రములకు విడివిడి స్ప్రింగులు రాగా, సరిచేయదగిన కీళ్ళును పెరిగినవి. సరిచేయదగినవన్నియు సడలదగినవియే గదా!

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై 1956 దాక ఉండెను. 1957 నుండి హిందుస్థాన్ మోటార్స్‌వారి అంబాసిడర్ వచ్చినది. 2014 దాక తయారైనది. ఆ కాలపు మెకానిక్కులకు కొలుచుటకు యంత్రములు తక్కువ. టైరు నడుమ సుద్దతో గీత గీచి, ముందరి గీతల నడుమ దూరమును, వెనుకటి గీతల నడుమ దూరమును కఱ్ఱతో కొలిచెడివారు. లేదా కారు ప్రక్కన నూలుదారమును బిగలాగి, అది వెనుక టైరును, ముందు టైరును ఎచ్చట తాకుచున్నదో చూచెడివారు. ఈ పద్ధతిని నవ్వులాటగా భావింపరాదు. నేల సమముగానుండి, దారము బిగువుగానుండి, చేయువాడు ఓపికమంతుడైనచో టో కొలత చాలవరకు సరిగానే వచ్చెడిది. కాంబరు, కాస్టరులకు మాత్రము దారము చాలదు. నేటి యంత్రములలో ప్రతి చక్రమునకు ఒక గుర్తుపలకను తగిలింతురు. కెమెరాలు వానిని చూచి కోణములను డిగ్రీలో అరవైయవ భాగమైన నిమిషములలో తెలుపును. 1983లో మారుతి వచ్చిన పిమ్మట ముందు చక్రములు లాగు చిన్న కార్లు దేశమంతట నిండినవి. అట్టి కార్లు అనేకములలో ముందు కాంబరును త్రిప్పి సరిచేయు మర యుండదు. అది తప్పినదనగా ఏదో భాగము వంగినదని అర్థము.

కోణములు ఎందుకు తప్పును? గుంతలో చక్రము ఒక్కసారి గట్టిగా పడినచో టై రాడ్డు వంగవచ్చును. రబ్బరు బుష్షులు ఎండకు, వయస్సునకు గట్టిపడి చిట్లును. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు, మంగంపేట ముగ్గురాయి మోయు లారీలకు, మితిమీరిన బరువు వలన స్ప్రింగులు కుంగును. గనుల బాటలలో కార్లును లారీల వెనుకనే పోవలెను. ఇవి ఒకనాడు జరిగి తెలియునవి కావు. అందుచేతనే 5,000 నుండి 10,000 కిలోమీటర్ల కొకమారు పరీక్షింపవలెననియు, పెద్ద గుంతలో పడినపుడు, టైర్లు మార్చినపుడు వెంటనే చూపవలెననియు చెప్పుదురు.

అరుగుదల ఖర్చు ఒక్కటే అయినచో ఇంత చెప్పనక్కరలేదు. లోనికి ఒరిగిన చక్రమున టైరు లోపలి అంచు ముందు అరుగును. ఆ అంచు కారు క్రింద చీకటిలో ఉండును. నిలుచుండి చూచువానికి కనిపించునది మంచి గాళ్ళు మిగిలిన వెలుపలి అంచు మాత్రమే. క్రొత్త కారు టైరు గాళ్ళ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, 1.6 మిల్లీమీటర్లకు వచ్చినచో మార్చవలెనని నిబంధన. వెలుపల 5 మిల్లీమీటర్లుండగా లోపల దారములు తేలిన టైర్లతో కార్లు తిరుగుచునే యుండును. కర్నూలు, కడప సీమలలో ఏప్రిల్, మే నెలలలో గాలి వేడిమి 40 డిగ్రీలు దాటుట సాధారణము. నల్లని తారు బాట అంతకంటె ఎంతో ఎక్కువగా కాలును. కర్నూలు–కడప బాట నాలుగు వరుసలుగా వెడల్పైన పిమ్మట కార్లు ఒకప్పుడు ఊహింపని వేగముతో గంటల తరబడి పోవుచున్నవి. పల్చబడిన అంచు, మరుగు బాట, వేగము – ఈ మూడును కలిసినచోట టైరు పగులును. ముందు టైరు పగిలిన కారు ఎటు పోవునో డ్రైవరు చేతిలో ఉండదు.

లక్షణములను ఒకదానితో ఒకటి కలుపుకొనరాదు. ఒక వేగమున మాత్రమే స్టీరింగు వణకుట సాధారణముగా చక్రపు బరువు చుట్టును సమముగా లేనందున కలుగును. దానికి బాలెన్సింగు వేఱు. వాన నీరు జారుటకు బాటను అంచులవైపు వాలుగా వేయుదురు గనుక ఎడమ ప్రక్కన పోవు కారు కొంచెము ఎడమకు లాగుట సహజము. టైర్లలో గాలి సమముగా లేకున్నను లాగును. ముందు గాలి చూడక కోణములను నిందించుట తొందరపాటు.

టో తప్పినదానిని అరచేయి కనిపెట్టగలదు. కారు నిలిపి, టైరు చల్లారిన పిమ్మట, మేకులు, గాజుముక్కలు లేవని చూచుకొని, గాళ్ళపై అడ్డముగా చేతిని నిమురవలెను. వెలుపలి నుండి లోపలికి నిమిరినపుడు నున్నగాను, లోపలి నుండి వెలుపలికి నిమిరినపుడు ఱంపపు పండ్లవలె గరుకుగాను తగిలినచో చక్రములు మితిమీరి లోనికి తిరిగియున్నవి. విపరీతముగానున్నచో వెలుపలికి తిరిగినవి. ఆ చేతినే లోపలి అంచు దాక పోనిచ్చుట మరువరాదు.

పరీక్షకు కారును ఇచ్చినపుడు మంచి పనివాడు గుర్తుపలకలను వెంటనే తగిలింపడు. ముందుగా చక్రమును పైకెత్తి, రెండు చేతులతో పట్టి ఊపి చూచును. కీలులో వదులున్నచో దానిని మార్చిన పిమ్మటగాని కొలత తీయడు. వదులు కీలుపై తీసిన కొలత కారు గేటు దాటులోపలనే మారిపోవును.